వంకల సారు మెచ్చుకున్న రోజు

తన వారపు సెలవు నాడు పొద్దున్నే వంకల సారు పెట్టుకున్న పని ఒక్కటే. కూతురు చూడమన్న యానిమే, అంటే జపాను బొమ్మల సిరీస్‌లో రాత్రి చూడగా మిగిలిన ఆఖరి భాగం చూసి, అందులో బాగున్నవీ బాగాలేనివీ ఆమెకు చెప్పాలి. అంతే. ఇంత చిన్న పనికి ఫ్యాక్టరీలో సగంమంది ఇంటి మీదికి వస్తారని ఎవరనుకుంటారు?

ఆయనది పంకాల ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం. రెక్క వంగినా, రంగు పెచ్చులూడినా, మోటారు గురకపెట్టినా వెంటనే ఫోన్ తీసి ఫ్యాక్టరీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టడం ఆయన పద్ధతి. బాగున్న పంకా గురించి మాత్రం నోరు విప్పరు. బాగున్నది ఎలాగూ తిరుగుతుంది, మళ్లీ చెప్పడమెందుకు అనేవారు. ఇంట్లోనూ ఇదే సూత్రం. కూరలో ఉప్పు ఎక్కువైన రోజునే భార్యకు ఆయన గొంతు వినిపించేది.

కూతురు నిక్షేపంలాంటి బ్యాంకు ఉద్యోగం మానేసి డబ్బింగ్ చెప్పే పనిలో చేరినప్పటి నుంచి తండ్రీకూతుళ్ల మధ్య మాటలు పొడిపొడిగానే ఉన్నాయి. అలాంటిది, నిన్న తనే ఫోన్ చేసింది. ఆ సిరీస్ తెలుగు డబ్బింగ్‌లో తనూ ఒక పాత్రకు గొంతిచ్చిందట. ఏ పాత్రో చెప్పదట. చెబితే నాన్న దాన్నొక్కదాన్నే పట్టుకుని ఉతికేస్తారని భయం. రెండో సీజన్ చేస్తుందో లేదో ఈ మధ్యాహ్నంలోగా స్టూడియోకి చెప్పాలి.

"మంచీ చెడూ రెండూ చెప్పండి నాన్నా. మీరు బాగుందంటే చేస్తాను," అంది.

తన మాటకు కూతురు ఇంకా అంత విలువ ఇస్తుందని తెలిసి ఆయన మనసు కరిగింది. ఈసారి మనసారా మెచ్చుకోవాలని ఒట్టేసుకున్నారు. హాల్లో కిటికీ తెరలు వేసి, దీపాలార్పి, రాక్షసులు ఏలే ఆ చీకటి రాజ్యంలో మునిగిపోయారు. చూడటం అయ్యాక మాత్రం అలవాటు ఊరుకోలేదు. ముందు వంకలే రికార్డు చేసి కూతురికి పంపారు. వీరుడు చచ్చేముందు కూడా అంత ఉపన్యాసమా? అందరికీ చారెడేసి కళ్లేమిటి? కుళాయి కట్టేయడం మరిచిపోయినట్టు ఆ రక్తమేమిటి? మధ్య భాగాలన్నీ సాగదీత. ఇలా ఏకరువు పెట్టి, "వంకలయ్యాయి. మంచి సంగతులు ఇంకో మెసేజ్‌లో చెబుతా," అని ముగించారు.

రెండోది మనసు విప్పి చెప్పారు. చెప్పడం కాగానే బొటనవేలు, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, తిన్నగా ఫ్యాక్టరీ గ్రూపు మీదికి పోయింది. అది చూసుకోకుండానే ఆయన ఫోన్ పక్కన పడేసి, తలుపు గడియైనా పెట్టకుండా, హాల్లో నేల మీద పంకా కింద వెల్లకిలా పడుకుని నిద్రలోకి జారుకున్నారు.

ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ మధ్యాహ్న భోజనమయ్యాక ఆ మెసేజ్ విన్నాడు. "ఇంతకాలం నాకు లోపాలే కనిపించాయి. ఈ చీకట్లో కూర్చున్నాక తెలిసింది, ఎంత బాగుందో. చావంటే భయం పోయింది. ఆ ముసలావిడ 'రా నాయనా, అలిసిపోయావు' అని పిలుస్తుంటే నేనూ లేచి వెళ్లిపోదామనుకున్నాను. అందరూ చాలా బాగా చేశారు."

వంకల సారు నోట మెచ్చుకోలు! ఫోర్‌మన్ ఫోన్ పట్టుకుని వైద్యం గదికి పరుగెత్తాడు. ఫ్యాక్టరీ నర్సు విని, పోయేవాళ్లకే మనసు అలా మెత్తబడుతుందని తేల్చేసింది. ఇద్దరూ జీపెక్కారు. మిగతావాళ్లు మరో బండిలో బయల్దేరారు. "పోయేలా ఉన్నారు" అన్న కబురు రంగుల విభాగానికి చేరేసరికి "పోయారు" అయింది. అక్కడివాళ్లు పని ఆపి మౌనం పాటించారు. ఫోర్‌మన్ దారిలోనే కూతురికి ఫోన్ చేసి, ధైర్యంగా ఉండమ్మా అని చెప్పి, ఆమెకున్న ధైర్యం కాస్తా పోగొట్టాడు.

చీకటి హాల్లో నేల మీద మనిషిని చూసి నర్సు మణికట్టు పట్టుకుంది. కంగారులో గడియారం బెల్టు మీద వేలు పెట్టి నాడి లేదంది. ఆయన కళ్లు తెరిచి, "నాడి అక్కడ చూస్తారా? పద్ధతి తప్పు," అన్నారు. వంక వినపడగానే అందరి ప్రాణాలూ లేచొచ్చాయి.

అప్పుడే కూరలసంచీతో వచ్చిన భార్య సంగతంతా విని, "ఒక్కసారి మెచ్చుకుంటేనే ఇంత గొడవా? అయితే నన్ను మెచ్చుకోకపోవడమే మంచిదయింది," అంది.

ఆ వెనకే కూతురు రొప్పుతూ వచ్చింది. ఫోర్‌మన్ సంజాయిషీగా ఆ మెసేజ్ మళ్లీ వినిపించాడు. ఆమె నిలబడే వింది. ముసలావిడ మాట రాగానే మొహం తిప్పుకుంది.

"ఆ ముసలావిడ గొంతు నాదే నాన్నా."

ఆయన తన ఫోన్ ఆమె చేతికిచ్చి, స్టూడియోకి వెంటనే ఫోన్ చేయమన్నారు.

"వద్దని చెప్పేశాను. వేరే అమ్మాయిని తీసేసుకున్నారు. మంచి సంగతులు తర్వాత చెబుతానన్నారుగా, మధ్యాహ్నం దాకా చూశాను. రాలేదు. ఏమీ దొరకలేదేమో అనుకున్నాను."

"ఒక్క మాట అడగలేకపోయావా తల్లీ?"

"అడిగి మెచ్చుకోమనాలా నాన్నా?"

పంకాల మీద చూపిన శ్రద్ధలో పిసరంత కూతురి మీద చూపించి ఉంటే ఈ అవస్థ వచ్చేది కాదని ఆయన లోలోపల కుమిలిపోయారు. ఫ్యాక్టరీవాళ్లు చెప్పులేసుకుని ఒక్కొక్కరే జారుకున్నారు.

ఇప్పుడాయన గ్రూపులో బాగున్న పంకాల గురించి కూడా చెబుతున్నారు. నర్సు ఇంకా నమ్మక, చెప్పినప్పుడల్లా వచ్చి నాడి చూసి పోతోంది. రెండో సీజన్ వచ్చింది. ముసలావిడ గొంతు పీలగా ఉందని చూసినవాళ్లంతా అన్నారు. వంకల సారు మాత్రం ఏ వంకా పెట్టలేదు.