నాలుగు బెట్టుడుతలు

ఆ ఉదయం ఫల్గుణ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తగా వచ్చిన రేంజర్ సౌందర్య మేడమ్‌ను పడవెక్కించి దిబ్బకు తీసుకెళ్ళాలి, బెట్టుడుతలు ఇప్పుడే అటు వెళ్ళాయని చెప్పాలి, ఎండ ముదిరేలోగా వెనక్కి తెచ్చేయాలి. అంతే.

డొంకరాయి జలాశయం మధ్యలో ఉన్న ఆ దిబ్బ ఒకప్పుడు కొండ. ఆనకట్ట కట్టాక కిందనున్న ఫల్గుణ తాతల ఊరు మునిగిపోయి, కొండ నెత్తి మాత్రం మిగిలింది. అటవీ ఆఫీసులో వాచర్ అయిన ఫల్గుణ నెలకోసారి ఆఫీసు పడవలో అక్కడికి వెళ్ళి బెట్టుడుతల్ని, అంటే పిల్లి అంత ఒళ్ళూ మూరెడు తోకా ఉండే పెద్ద ఉడుతల్ని, లెక్కపెట్టి రిజిస్టర్లో రాయాలి. రెండేళ్ళుగా ‘నాలుగు’ అని రాస్తున్నాడు. ఆ రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి కంటపడలేదు.

అబద్ధాలకోరు కాదు పాపం. పోయినవాళ్ళ పేరున రాయి నిలబెట్టడం వాళ్ళ ఆచారం. పెద్దల రాళ్ళన్నీ ఆ దిబ్బ మీదే ఉన్నాయి. మూడేళ్ళ కిందట జ్వరంతో పోయిన అతని భార్య సోని రాయీ అక్కడే ఉంది. నాటు పడవల్ని ఆపేశాక అటు వెళ్ళేది ఆఫీసు పడవ ఒక్కటే. ఉడుతలు లేవని రాస్తే అదీ ఆగిపోతుంది.

ఏటా మామిడి కొత్త పండగనాడు తొలి కాయ సోనికి పెట్టేవాడు. పోయినవాళ్ళకు పెట్టనిదే ఇంట్లో ఎవరూ కొత్త కాయ కొరకరు. తరవాతి నెల వెళ్ళేసరికి రాయి దగ్గర కాయ ఉండేది కాదు. సోని తినేసిందని అతని నమ్మకం. ఆ ఒక్క నమ్మకంతో మిగతా ఏడాదంతా నెట్టుకొచ్చేవాడు.

"ఉడుత కనబడకపోతే కొరికిన కాయలైనా కనబడాల గదా, బావా?" అన్నాడు పడవ నడిపే ప్రేమ్‌కుమార్. అతను సోని తమ్ముడు.

సలహా నచ్చింది. మేడమ్ రాకముందే ఇద్దరూ దిబ్బకు వెళ్ళి మామిడికాయలు కోశారు. కాని కొరికేదెవరు? పండగకు ఇంకా ఐదు రోజులుంది. ఫల్గుణ కాయను నోటిదాకా తెచ్చి, సోని రాయి వైపు చూసి దించేశాడు.

"నువ్వు కొరుకురా. చర్చికెళ్ళేవోడివి, నీకీ పట్టింపు నేదు గదా."

"పుల్లగున్నాయి బావా!"

"పులుపని ఉడుతలు ఒగ్గేత్తాయేటి? బేగి కొరుకు!"

ప్రేమ్‌కుమార్ కళ్ళు గట్టిగా మూసుకుని పన్నెండు కాయలు కొరికి చెట్టు కింద పడేశాడు.

పదింటికి పడవలో దిబ్బకు తీసుకొస్తే మేడమ్ ఒక కాయ తీసి తిప్పి తిప్పి చూసింది.

"ఇది ఉడుత పని కాదు. చూడు, ఎంత వెడల్పు పళ్ళో! పై వరసలో ముందు పన్ను లేదు. ఏదో ముసలి జంతువు."

ప్రేమ్‌కుమార్ తువ్వాలుతో మూతి కప్పుకున్నాడు. ఫల్గుణ నోటికి వచ్చింది అనేశాడు.

"ఎలుగేమో మేడమ్."

భయపడి వెళ్ళిపోతుందనుకున్నాడు. ఆవిడ మొహం దీపావళి అయిపోయింది. దిబ్బ మీద ఎలుగా! మర్నాటికల్లా చెట్లకు కెమెరాలు కట్టించింది. వాటిలో ఒకటి సరిగ్గా సోని రాయి ఎదుటే. ఎలుగు దొరికేదాకా ఎవరూ దిబ్బ ఎక్కకూడదంది. పండగనాటికి బతిమాలితే ఒప్పుకుంది గాని, తలకు హెల్మెట్ పెట్టుకుని రేకు డబ్బా వాయించుకుంటూ వెళ్ళాలని షరతు పెట్టింది.

లేని ఎలుగును బెదిరిస్తూ, డబ్బా వాయించుకుంటూ ఫల్గుణ పెళ్ళాం దగ్గరికి వెళ్ళాడు. సోని ఉండుంటే కడుపు పట్టుకుని నవ్వేది. అది తలుచుకునేసరికి దుఃఖం ఆగలేదు. హెల్మెట్ తీసి, కాయ రాయి మీద పెట్టాడు.

"నీకోసరమే నాలుగని రాసీసినానే. ఒక్కటీ నేదు. ఏటి సెయ్యమంతావు?"

వారం తిరిగాక మేడమ్ అందరినీ ఆఫీసులో తెర ముందు కూర్చోబెట్టింది. తెర మీద ఫల్గుణ వీపు, కదులుతున్న భుజాలు. మాట వినబడలేదు. మేడమ్ కాసేపు కిటికీ వైపు చూసింది. తెరలో అతను వెళ్ళిపోయాడు. అప్పుడు కొమ్మ మీంచి మూరెడు తోక దిగింది. బెట్టుడుత సోని రాయి మీద కూర్చుని, మామిడికాయను రెండు చేతులా పట్టుకుని తీరిగ్గా తినేసింది.

"ఫల్గుణా! ఎలుగు లేదుగాని నువ్వు రాసిందే నిజం!" అని మేడమ్ చప్పట్లు కొట్టింది. ఫల్గుణ బావురుమన్నాడు. సంతోషం పట్టలేకపోయాడని అందరూ వీపు తట్టారు. అంటే ఇన్నేళ్ళూ తిన్నది సోని కాదు. ఆ గదిలో అది తెలిసింది ప్రేమ్‌కుమార్ ఒక్కడికే. అతను బావ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మేడమ్ మంచి మనిషి. ఆ రోజే పైకి రాసింది. నెల తిరగకుండా ఆర్డరు వచ్చింది: ఉడుతకు ఇబ్బంది కలగకుండా ఇకమీదట దిబ్బ మీద నరమానవుడు కాలు పెట్టరాదు.

"వాచరు కూడానా మేడమ్?"

"నీకా తిప్పలు తప్పాయిలే. బొమ్మలు కెమెరాల్లోంచి ఆఫీసుకే వచ్చేస్తాయి."

రేవులో పడవకు తాళం పడింది. ప్రేమ్‌కుమార్ నీళ్ళకేసి చూస్తూ అడిగాడు. "వొచ్చే యేడు అక్కకి కాయెలాగ బావా?"

ఫల్గుణ ఆఫీసులోకి వెళ్ళి రిజిస్టర్ తెరిచి, రెండేళ్ళలో మొదటిసారి నిజం రాశాడు: బెట్టుడుతలు, ఒకటి.

మిగతా మూడూ ఏమయ్యాయో వారంలోగా సంజాయిషీ ఇవ్వమని పైనుంచి మెమో వచ్చింది.