వడ్రంగి సరిచేసిన వెన్నెముక

ఆ ఉదయం వడ్రంగికి అప్పజెప్పిన పని ఒక్కటే: భార్య స్నానం చేసి వచ్చేలోగా, హాల్లో నిలబెట్టిన ప్లాస్టిక్ అస్థిపంజరానికి దుమ్ము దులపడం. ఆవిడ బడిలో సైన్సు టీచరు, ఏడేళ్లుగా తాత్కాలికం. పది గంటలకు తనిఖీ అధికారి ముందు వెన్నెముక పాఠం చెప్పాలి. ఆయనకు నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే వచ్చే నెల నుంచి ఇంట్లోనే. అందుకే బొమ్మను శుభ్రం చేద్దామని ముందురోజే ఇంటికి తెచ్చుకుంది.

దుమ్ము దులిపి ఊరుకుంటే ఆయన వడ్రంగి ఎందుకవుతాడు? వంకర అంటే ఆయనకు గిట్టదు. ఆస్పత్రిలో కూతురు పుట్టిన రోజున కూడా ముందు ఉయ్యాల మీద వంకర చూసే రసమట్టం పెట్టి చూసి, ఆ తర్వాతే పిల్ల మొహం చూశాడు. అలాంటి మనిషి బొమ్మను పక్కనుంచి చూశాడు. వెన్ను గుండా పోయే ఇనుప కడ్డీ మెడ దగ్గర ముందుకి, వీపు దగ్గర వెనక్కి, నడుం దగ్గర మళ్లీ ముందుకి వంగి ఉంది. బడిపిల్లలు ఎంత పీక్కుతిన్నారో పాపం అనుకున్నాడు. ఇరవై నాలుగు ఎముకలూ, వాటి మధ్య రబ్బరు బిళ్లలూ ఊడదీసి, కడ్డీని సుత్తితో సాపు చేసి, అన్నీ వరసగా మళ్లీ గుచ్చాడు. రసమట్టం ఆనించి చూసి మురిసిపోయాడు.

భార్య వచ్చి చూసి కుర్చీలో కూలబడింది. ఆవిడకు కోపం వస్తే అరవదు, 'మీరు' మానేసి 'తమరు' మొదలుపెడుతుంది.

"తమరు ఏం చేశారో తెలుసా?"

"వంకర తీశాను."

"ఆ వంకరలే వెన్నెముకండీ. అవి ఉండబట్టే అడుగు వేసినప్పుడల్లా అదురు తలదాకా పోకుండా మధ్యలోనే సర్దుకుంటోంది."

ఆయన ఒప్పుకోలేదు. తన పని ఎంత గట్టిదో చూపిద్దామని బొమ్మను ఎత్తి నేల మీద దించాడు. అదురు కడ్డీ వెంట నేరుగా పైకి పోయి, తల ఎగిరి సోఫా కిందికి దొర్లింది. కంగారులో కడ్డీని మళ్లీ వంచబోతే పుటుక్కున విరిగింది. రబ్బరు బిళ్లలు తలా ఒక మూలకు పోయాయి. తలకోసం సోఫా కిందికి వంగాడు. తల చేతికి చిక్కింది, నడుం పట్టేసింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

తొమ్మిదిన్నర. భార్య ఆయన నడుం మీద చెయ్యి వేసి చూసింది. వెన్నుకు రెండు పక్కలా కండరాలు కట్టెల్లా బిగుసుకున్నాయి. ఆవిడ మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. ఆటోను పిలిచింది.

తరగతి గదిలో వడ్రంగి బల్ల మీద చేతులానించి, చొక్కా పైకెత్తుకుని, సిగ్గుతో చచ్చిపోతూ నిలబడ్డాడు. అధికారి వెనక బెంచీలో కూర్చున్నాడు. టీచరు సుద్దముక్కతో మొగుడి వీపు మీద మెడ నుంచి నడుం దాకా ఒక్కో ఎముకకూ గుర్తు పెట్టింది.

"ఈయన వెన్నును ఏనాడూ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్లు తలుపులు మోయించారు. ఇవాళ దానికి ప్రమాదం అనిపించగానే చుట్టూ ఉన్న కండరాలు కదలనివ్వకుండా కాపలా కాస్తున్నాయి. ఈ నొప్పి ఆ కాపలాదే" అంది.

పిల్లలు చేతులు వెనక్కి పోనిచ్చి తమ వెన్నులు తడుముకున్నారు. ఒక్కరూ నవ్వలేదు. వడ్రంగికి ఒళ్లు గగుర్పొడిచింది. బరువు మోసే బీరువాలు చేశాడు, మడిచే కుర్చీలు చేశాడు. బరువు మోస్తూనే వంగి, మళ్లీ తనంతట తనే లేచే వస్తువును ఒక్కటీ చేయలేకపోయాడు. అది మాత్రం పుట్టినప్పటి నుంచీ తన చొక్కా లోపలే ఉంది.

అధికారి లేచి వచ్చి, అనుమతి అడిగి ఆ వీపును తాకి చూశాడు. తర్వాత చాలాసేపు తన నడుం మీదే చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. టీచరును ఖాయం చేయాలని రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాడు: 'బోధనకు వాడిన నమూనా అపురూపం, బడిలో భద్రపరచాలి.'

అధికారి రాసింది అక్షరం తప్పకుండా అమలు చేయడం బడి గుమస్తాకు అలవాటు. అందుకే ఏటా సామాను సరిచూసే రోజున వడ్రంగి వెళ్లి గ్లోబు పక్కన నిలబడి రావాల్సి వస్తోంది. జాబితాలో ఆయనకు ఎదురుగా ఇలా ఉంది: 'కొంచెం వంకర, వాడుకకు పనికొస్తుంది.'