అప్పన్న గుడి గడ్డీ, ఆపే తీగా

మనిషి దేవుడికి చెల్లించాల్సింది ఏదైనా సంబంధిత శాఖ ద్వారా, సక్రమ మార్గంలోనే చెల్లించాలి. ఇందులో నాకు ఏళ్ళ తరబడి ఒకటే సందేహం. మొక్కు తీర్చే చోట గడ్డి పెరిగిపోతే, ఆలస్యమైన పాపం భక్తుడిదా, గడ్డి కోసే శాఖదా?

నాకు మలేరియా తలకెక్కినప్పుడు, నేను బతికితే గుడి చుట్టూ పొర్లుదండాలు పెడతానని మా ఆవిడ రత్నమాల అప్పన్నకు మొక్కింది. నేను బతికాను (దీనికి ఏ అనుమతీ అవసరం పడలేదు). కానీ కిరందుల్ రైలు లైను మీదున్న మా కాలనీలో గుడి చుట్టూ నడుము లోతు గడ్డి. అందులో రక్తపింజరుల కాపురం. కొడవలితో కోయిస్తామంటే కాలనీ హరిత నిర్వహణ కార్యాలయం ఒప్పుకోలేదు. గడ్డి కోసే యంత్రం మంజూరైన చోట కొడవలి వాడటం యంత్రాన్ని శంకించడమట. యంత్రమేమో స్టార్టు చేసే తాడు ఎంత లాగినా కదలదు.

ఇంజను సంగతి మెకానికల్ సుమన్ గారిది. నిప్పురవ్వ రావడం లేదని ఫిట్టర్ శామ్యూల్ చెప్పగానే ఆయన చేతులు కడిగేసుకున్నారు. నిప్పురవ్వ కరెంటు వ్యవహారం కదా. ఎలక్ట్రికల్ రాజ్‌కుమార్ సాబ్ లోపల చూసి మండిపడ్డారు. అయస్కాంతం కాయిలు పక్కన తిరిగి తనంతట తానే కరెంటు పుట్టిస్తోంది. స్తంభం నుంచి రాని కరెంటు లైసెన్సు లేని సొంత ఉత్పత్తి. ఫైలు అక్కడ నిద్రపోయింది.

ఈ ఏడాది రత్నమాల నడుముకు డాక్టరు బెల్టు రాశాడు.

"పొర్లే ఓపిక ఎల్లిపోతంది. మరింకెప్పుడు తీర్సమంటారు?" అంది నాతో. నేను వెళ్ళి రెండు శాఖల గుమ్మాల ముందూ కూర్చున్నాను. చివరికి ఉమ్మడి తనిఖీకి ఆదేశం వచ్చింది.

తనిఖీ మిట్టమధ్యాహ్నం జరగాలని నిబంధన. ప్లగ్గు విప్పి ఇంజను ఇనుముకు ఆనించి తాడు లాగితే, నీలి రవ్వ కనిపించాలి. ఆ ఎండలో ఏ రవ్వా కనిపించదు. అందుకని అధికారులిద్దరూ యంత్రంతో సహా నల్ల కంబళి కిందికి దూరారు.

"సార్, పటకారుతో పట్టుకోండి. సేత్తో వద్దు," అన్నాడు శామ్యూల్.

"పటకారు మెకానికల్ వాళ్ళ సామాను," కంబళిలోంచి రాజ్‌కుమార్ సాబ్ అన్నారు. "నేను ముట్టుకుంటే ఆడిట్ల పూఛ్‌తాఛ్ అయితది, జవాబు చెప్పాలె."

శామ్యూల్ తాడు లాగాడు. కంబళి అంచు తగులుకుని ఇంజను పక్కనున్న సన్నటి తీగ ఊడింది. మరుక్షణం కంబళి రెండు అడుగులు పైకి లేచి, ఎలుగుబంటిలా గేటు వైపు పరుగెత్తింది. 'నిప్పురవ్వ కనబడలేదు, అనుభవంలోకి వచ్చినది' అని సుమన్ గారు నివేదికలో రాశారు.

ఊడింది ఇంజనును ఆపే తీగ. తొడుగు అరిగి ఇనుముకు తగులుతూ, పుట్టిన కరెంటునంతా పక్కదారి పట్టిస్తోంది. మీట ఎటున్నా ఇంజనుకు అందుతున్న ఉత్తర్వు ఒక్కటే: ఆగు. ఇన్నేళ్ళూ దానికి జబ్బేమీ లేదు, విధేయత ఉంది.

ప్లగ్గు బిగించి లాగితే యంత్రం గర్జించింది. ఆపే తీగ లేదు గనక ఆగలేదు. ఆపలేని యంత్రాన్ని నడపడం నిషేధమని రాజ్‌కుమార్ సాబ్ అరిచారు. ఆపే అధికారం ఏ శాఖదన్న చర్చ మొదలైంది. ఈలోగా శామ్యూల్ దాన్ని గుడి చుట్టూ తోసుకుపోయాడు. కప్పలు, పాములు, ఎవరివో పాత చెప్పులు బయటికొచ్చాయి. వెనకాలే రత్నమాల కొంగు బిగించి, అప్పన్నా అంటూ నేల మీద పొర్లడం మొదలెట్టింది.

"వదినా, మిసను ఎనక్కి రాదు. నువ్వు ముందుకి రాకు," అన్నాడు శామ్యూల్, తిరిగి చూడకుండా.

ఆమె వెనక గోవింద కొడుతూ నేను, నా వెనక సంతకాల కోసం ఫైలుతో అధికారులు. గుడి చుట్టూ ఊరేగింపు పెట్రోలు అయ్యేదాకా సాగింది.

సాయంత్రానికి లోపం నిర్ధారణ అయింది: యంత్రం ఆగడం లేదు. అరిగిన తీగను యథాస్థానంలో కట్టి, మరమ్మతు పూర్తయిందని రాశారు. ఇప్పుడది ఎప్పుడూ ఆగే ఉంటోంది. రత్నమాల మొక్కు తీరింది. అప్పన్న ఒక్క సంతకం కూడా అడగలేదు.