రెండు కూతలూ కలవాలి

ఒక పెద్ద అడవిలో ఎండలకి వాగులన్నీ ఇంకిపోయి ఒక్క మడుగే మిగిలింది. పొరుగడవి జంతువులు దొంగచాటుగా వచ్చి తాగిపోతున్నాయని మంత్రి నక్కకి అనుమానం. అనుమానం వచ్చాక మంత్రులు ఊరుకుంటారా? కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి జంతువూ ఒక రహస్య కూత ఎంచుకుని మడుగు దగ్గర నమోదు చేసుకోవాలి. మరిచిపోలేదని రుజువుగా అదే కూత రెండోసారీ కూయాలి. రెండూ కలిస్తేనే నీళ్లు.

నమోదుకి కొంగని కూర్చోబెట్టారు. కూర్చోబెట్టడమంటే, అది ఒంటికాలి మీద నిలబడే ఉంది.

చుక్కల దుప్పి చుక్కమ్మ పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల నాలుక అప్పటికే పిడచకట్టుకుపోయింది.

"కూతలో ఒక గురక, ఒక తుమ్ము, ఒక దగ్గు ఉండి తీరాలి," అంది కొంగ. "మిగతావాళ్లు చెవులు మూసుకోండి."

అందరూ మూసుకున్నారు. కొమ్మ మీది చిలక మాత్రం మూసుకోలేదు. దాన్నెవరూ లెక్కలోకి తీసుకోలేదు.

చుక్కమ్మ గురకపెట్టి, తుమ్మి, దగ్గి మొత్తానికి కూసింది. రెండోసారికి గొంతు జీరపోయింది.

"కలవలేదు. మళ్లీ మొదటినుంచి."

"గొంతు తడారిపోయిందయ్యా. ఒక్క గుక్క తాగనిస్తే సరిగ్గా కూస్తాను."

"నమోదు కాకుండా నీళ్లివ్వడానికి లేదమ్మా."

"నీళ్లు లేకుండా నమోదెలా అవుతుంది?"

"అది నా విభాగం కాదు," అంది కొంగ, కళ్లయినా తెరవకుండా.

చుక్కమ్మ పక్కన పిల్ల కాళ్లు మడిచి కూలబడింది.

ఇంతలో సింహమే వచ్చింది. "ముందు తమరు చేసి చూపిస్తే వీళ్లకి బుద్ధొస్తుంది ప్రభూ," అంది నక్క. సింహం గురక, తుమ్ము, దగ్గు అన్నీ కలిపి గర్జించింది. రెండో గర్జన మధ్యలో పొలమారింది.

"కలవలేదు," అంది కొంగ.

"నేను రాజుని."

"అయ్యుండొచ్చండి. గర్జనలు కలవలేదు."

నక్క నోరు తెరిచి, తను పెట్టిన నియమమే గుర్తొచ్చి మూసుకుంది.

అప్పుడు చిలక ఊసుపోక సింహం మొదటి గర్జనని అచ్చంగా దింపేసింది. ఇంకోసారీ దింపింది. వెంట్రుకవాసి తేడా లేదు.

కొంగ రెండో కాలు కూడా నేలకి ఆనించి, చిలక వైపు తిరిగి వంగింది. "మహారాజుగారి నమోదు పూర్తయింది."

సింహం తెల్లబోయింది. చుక్కమ్మ మాత్రం ఆలస్యం చెయ్యలేదు. చిలక కింద నిలబడి, "మహారాజా, అందర్నీ తాగనివ్వండి," అంది.

"తాగనివ్వండి, తాగనివ్వండి," అంది చిలక.

"రెండూ కలిశాయి," అని కొంగ దారి వదిలింది.

పిల్ల మూతి నీళ్లలో ముంచాకే చుక్కమ్మ ఊపిరి పీల్చుకుంది. పొరుగడవి జంతువులు కూడా వచ్చి తాగాయి. అసలు సింహం వరస చివర నిలబడి, తన వంతు రాగానే చిలకకి దణ్ణం పెట్టి తాగింది.

నీతి: అన్నమాటే తేడా లేకుండా రెండోసారీ అనగలిగితే చాలు, అన్నదెవరని ఎవరూ అడగరు.