కాడ లేని చుక్కలు

ఆ ఆదివారం పొద్దున ఫోటోగ్రాఫరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పన్నెండు కాగితాలు భార్య చేతిలో పెట్టి, ఆవిడ మొహం వెలిగిపోతుంటే చూడాలి. అంతే.

రెండేళ్ల కిందట ఆయన కంటికి ఆపరేషన్ జరిగి స్టూడియో తొమ్మిది నెలలు మూతపడింది. ఆ తొమ్మిది నెలలూ ముందుగదిలో పిల్లలకి వయొలిన్ నేర్పుతూ ఆవిడే ఇల్లు లాక్కొచ్చింది. ఒక్క మాట దెప్పలేదు. కనీసం నిట్టూర్చలేదు. నోరు తెరిచి "నువ్వు లేకపోతే నా గతేంటి" అనడానికి ఆయనకి మొహమాటం. అందుకని ఆవిడకి తెలియకుండా స్వరలిపి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఐదు గీతలు, వాటి మీద గుండ్రటి తలలు, తలకో నిలువు కాడ. మూడు వారాల్లో పదమూడో పేజీ దాకా వచ్చాడు. చుక్కల పాఠం పద్నాలుగో పేజీలో ఉంది.

సరిగ్గా అప్పుడే ఆవిడ ఒక పాత కాగితం ఇచ్చి పిల్లల కోసం పన్నెండు కాపీలు తీసుకురమ్మంది. ఆవిడకి వయొలిన్ నేర్పిన మాస్టారు, చివరి పాఠం రోజున చేత్తో రాసిచ్చిన పాట అది. రాసిచ్చి ఊరు మారిపోయారు. దాన్ని ఎవరైనా వాయించగా ఆయన ఇంతవరకూ వినలేదు. ఇప్పుడాయనకి ఎనభై నాలుగేళ్లు. ఒక చెవి పోయింది, రెండోది పోయే దారిలో ఉంది. "ఉన్న చెవి ఉండగానే ఈ ఆదివారం వచ్చి వింటానమ్మా" అని ఫోన్ చేశారు. అప్పటినుంచి ఆవిడకి కంటిమీద కునుకు లేదు.

కాగితం నిండా టీ మరకలు, వేలిముద్రలు. ముప్పై ఏళ్లుగా ఫోటోల్లో పెళ్లికూతుళ్ల మొటిమలు తుడిచిన చెయ్యి ఊరుకుంటుందా? కాగితాన్ని స్కానర్‌లో పెట్టి, కంప్యూటర్ మీద ఒక్కో మరకా తుడిచేశాడు. కాడ ఉంటే స్వరం, లేకపోతే మరక. మధ్యలో ఒక లావు గీత పక్కన రెండు చుక్కలు కనిపిస్తే వాటినీ లేపేశాడు. చివరి వరసలో ఒక నల్ల చుక్క దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. దానికి సన్నటి కాడ ఉంది. చదువు వచ్చినవాడి ధీమాతో దాన్ని అలాగే ఉంచాడు.

పిల్లలు వరసగా కూర్చున్నాక ఒక పాప కాగితం ఎత్తి చూపించింది. "టీచర్ గారూ, మీ కాగితంలో ఉన్న చుక్కలు ఇందులో లేవేంటి?"

"అదీ! చూశావా, ఒక్కటి కూడా లేదు" అన్నాడు ఫోటోగ్రాఫరు ఛాతీ విరుచుకుని.

భార్య కాగితం లాక్కుని చూసింది. "చుక్కలేవండీ?"

"పూర్తిగా తీసేశా. నీ కోసమే."

"అయ్యో రామా! ఆ రెండు చుక్కలుంటే మళ్లీ మొదటికి వెళ్లి వాయించమని అర్థమండీ!"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "నోటితో చెప్పెయ్యకూడదూ?"

"కాగితం మీద ఉన్నదే వాయించాలని ఏడాదిగా వీళ్ల ప్రాణం తీస్తున్నాను. ఇప్పుడు నోటితో చెబితే సగంమంది మర్చిపోతారు. ముందు పెన్ను పట్టండి!"

ఆయన పెన్ను పట్టాడు. ఆరు కాగితాలయ్యేసరికి బయట కారు ఆగింది. అరగంట ముందే మాస్టారు వచ్చేశారు. ఆవిడ ఎదురెళ్లింది. ఆ సందట్లో పిల్లలు అందిన కాగితం అందుకుని స్టాండు మీద పెట్టుకున్నారు. చుక్కలున్నవి కుడివైపుకి, లేనివి ఎడమవైపుకి వెళ్లాయి.

ఫోటోగ్రాఫరు తలుపు దగ్గర నిలబడి, సగమే అయిందని చెప్పడానికి గాల్లో రెండుసార్లు వేలితో పొడిచాడు. తన మొహం మీద ఏదో అంటుకుందనుకుని ఆవిడ బుగ్గ తుడుచుకుంది. ఆయన మళ్లీ పొడిచాడు. ఆవిడ రెండో బుగ్గ కూడా తుడుచుకుని, వయొలిన్ బో ఎత్తి సైగ చేసింది.

లావు గీత దాకా పాట హాయిగా సాగింది. అక్కడ కుడివైపు వాళ్లు వెనక్కి తిరిగారు, ఎడమవైపు వాళ్లు ముందుకి పోయారు. ఆ తర్వాత ఏది ఎవరిదో వాయించేవాళ్లకే తెలియలేదు. ఇన్నేళ్లకి మాస్టారు వింటున్న పాట తన మూలాన ఇలా తగలడిందని ఫోటోగ్రాఫరుకి ఏడుపొచ్చినంత పనైంది. చివరి వరసకొచ్చిన ఎడమవైపు వాళ్లు ఒక వింత స్వరాన్ని గట్టిగా లాగి ఆపేశారు. కాసేపటికి కుడివైపు వాళ్లూ అదే స్వరాన్ని లాగి ఆపేశారు.

మాస్టారు మంచి చెవి మీద చెయ్యి పెట్టుకుని అన్నారు, "ఎడమవైపు పిల్లలొక్కళ్లే ఇంకోసారి వాయించండమ్మా."

వాయించారు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. తెరిచేసరికి తడిగా ఉన్నాయి.

"నేను రాసింది ఇదే. ఆ కుడివైపు వాళ్లు వెనక్కెందుకెళ్లారు?"

"చుక్కలు పెట్టారు కదండీ, మాస్టారూ" అంది ఆవిడ, బిక్కచచ్చిపోయి.

"నేనెక్కడ పెట్టానమ్మా? ఆ లావు గీత గీస్తుంటే నా పెన్ను సిరా కక్కింది. నేను బస్సెక్కే తొందరలో ఉన్నాను, తుడవలేదు. ఇన్నాళ్లకి దాన్ని తుడిచిన మహానుభావుడెవరు?"

పన్నెండుమంది పిల్లలూ తలుపు వైపు చూశారు. మాస్టారు కష్టపడి లేచొచ్చి ఫోటోగ్రాఫరు రెండు చేతులూ పట్టుకున్నారు. "చల్లగా ఉండు నాయనా. నా పాట నాకు వినిపించావు."

ఆవిడ నెమ్మదిగా దగ్గరకొచ్చింది. "ఎప్పుడు నేర్చుకున్నారండీ ఇదంతా?"

"పదమూడు పేజీలే" అన్నాడాయన. ఆ తర్వాత, ఇక మొహమాటపడే ఓపిక లేక, రెండేళ్ల నుంచి దాచుకున్న మాట అందరి ముందే అనేశాడు. "నువ్వు లేకపోతే నా గతేంటే!"

ఆవిడ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఈసారి బుగ్గలు కూడా.

"అంతా బాగుంది కానీ, చివర్లో ఆ వింత స్వరం నేను రాయలేదే" అన్నారు మాస్టారు.

సాయంత్రం ఫోటోగ్రాఫరు స్టూడియోకి వెళ్లి స్కానర్ మూత ఎత్తాడు. ఎడమా కుడీ అని లేకుండా పన్నెండుమందీ పొల్లుపోకుండా వాయించిన ఆ ఒక్క స్వరం, అద్దానికి అతుక్కుని చచ్చిన దోమ.