తిరిగి ఇవ్వవలసిన సూక్ష్మజీవులు

ప్రాణం ఉన్న ప్రతిదీ ఏదో ఒక రిజిస్టరులో ఉండి తీరాలి. ఏ రిజిస్టరులోనూ లేనిది బతికి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నాగరికత అంటే స్థూలంగా ఇంతే. (మిగతావన్నీ అలంకారాలు.)

నీటి సరఫరా సంస్థ ఉద్యోగుల డిస్పెన్సరీలో ముప్పై ఒక్క ఏళ్లుగా మందులిస్తున్న ఫార్మసిస్టుకు ఈ సత్యం ఉద్యోగం ఇంకా తొమ్మిది రోజులుందనగా బోధపడింది. రోగులు ఆవిణ్ని మందులమ్మ అనేవారు. నెలాఖరుకు పదవీ విరమణ. ఒకటో తారీఖు పొద్దున్నకల్లా అక్క దగ్గర ఉంటానని ఆవిడ మాటిచ్చింది. అక్కకు మోకాలి ఆపరేషన్ అయి మూడు వారాలైంది. కర్ర పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా వస్తోంది. ఇన్నాళ్లూ కనిపెట్టుకుని ఉన్న ఆడపడుచు ఒకటో తారీఖున తన ఇంటికి వెళ్లిపోతానని తెగేసి చెప్పింది. కాబట్టి మందులమ్మకు కావలసింది ఒకే ఒక్క కాగితం, రిలీవింగ్ ఆర్డరు. అది రావాలంటే చార్జి అప్పగించాలి. చార్జి తీసుకునే మనిషి సంతకం పెట్టాలి.

ఆ మనిషి బదిలీ మీద వచ్చిన యాభై ఏళ్ల ఫార్మసిస్టు. సంతకమంటే ఆయనకు చచ్చేంత భయం. టీ తాగుతారా అన్నా "చూద్దాం" అనేవాడు కాబట్టి రెండో రోజుకే చూద్దాంగారు అనే పేరు స్థిరపడింది. ఆయన దూది చూశాడు, కత్తెరలు చూశాడు, దగ్గు మందు సీసాలు రెండుసార్లు లెక్కపెట్టాడు. ఫ్రిజ్ తలుపు తీసి అక్కడే నిలబడిపోయాడు.

"ఇవేంటమ్మా?"

"ప్రోబయోటిక్ క్యాప్సూల్సండి. కడుపు బాగుండటానికి. రెండు వందల పన్నెండు ఉన్నాయి."

"డబ్బా మీద 'బతికున్న బ్యాక్టీరియా' అని రాసుంది."

"అవునండి, మంచివే. ఒక్కోదాంట్లో అయిదు వందల కోట్లు."

చూద్దాంగారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "అంటే లక్షా ఆరు వేల కోట్ల ప్రాణాలకు నేను సంతకం పెట్టాలి. అన్నీ బతికే ఉన్నాయని మీరు రాసిస్తారా?"

"అలా ఎవరు రాసిస్తారండీ? క్యాప్సూల్స్ లెక్కపెట్టుకోండి, చాలు."

"చూద్దాం," అన్నాడాయన. సంతకం మాత్రం పెట్టలేదు.

వ్యవహారం తనిఖీ అధికారి గదికి చేరింది. ఏ కాగితం మీదైనా ఆ రంగుతోనే టిక్కు పెడతాడు కాబట్టి, ఆయన్ను సంస్థ మొత్తం వెనకాల పచ్చ పెన్సిల్ అనేది, ముందర సార్ అనేది. ఆయన నిబంధనల పుస్తకం తిరగేసి, ప్రాణమున్న సామగ్రి గురించి ఒకే ఒక్క నిబంధన పట్టుకున్నాడు. అది పంపుహౌసు కాపలా కుక్కల కోసం రాసింది. (నిబంధన ఎవరికోసం రాసినా అందరికీ వర్తిస్తుంది. అందుకే దాన్ని నిబంధన అంటారు, సలహా అనరు.)

"ఈ మూడు నెలల్లో జననాలెన్ని?" అని అడిగాడు.

"జననాలేంటండీ?"

"ప్రాణులన్నారు. ఫ్రిజ్‌లో కలిసే ఉన్నాయి. ఒక్క జననం కూడా నమోదు కాలేదు. మరణాలూ లేవు. ఇది అనుమానించదగ్గ విషయం."

"అవి ఎండబెట్టినవి సార్. ఇప్పుడు నిద్రలో ఉంటాయి. కడుపులోకి వెళ్లాకే లేస్తాయి."

పచ్చ పెన్సిల్ 'విధుల్లో నిద్ర' అని రాసుకుని కింద గీత గీశాడు. మందులమ్మ తలపట్టుకుంది.

డిస్పెన్సరీ డాక్టరమ్మకు ఈ సంగతి తెలిసి జాలేసింది. "మీరు బెంగపెట్టుకోకండమ్మా, ఇవేంటో నేను శుభ్రంగా నోట్ రాసిస్తాను. చదివితే ఆయనకే అర్థమవుతుంది," అంది. మంచి మనసుతో చేసిన పని. కొంపలు ముంచింది కూడా అదే.

నోట్‌లో ఇలా ఉంది. మనిషి పేగుల్లో ఎప్పటి నుంచో కాపురమున్న సూక్ష్మజీవులు లక్షల కోట్లలో ఉంటాయి. ఈ మందులోవి వాటి మధ్యకు వచ్చే చుట్టాలు. ఉన్నన్నాళ్లూ ఆమ్లాలు తయారుచేసి, చెడ్డవాటికి చోటూ తిండీ సరిగ్గా దొరక్కుండా చూస్తాయి. పేగు గోడల్లో కాపలా కాసే రోగనిరోధక కణాలకు ఎవరి మీద పడాలో, ఎవరిని పోనివ్వాలో కొంత అలవాటు చేస్తాయి. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు సాధారణంగా హాని చేయవు. లాభం మనిషిని బట్టి మారవచ్చు. ఇవి పేగుల్లో చాలావరకు స్థిరపడవు. మందు ఆపిన కొన్నాళ్లకు బయటికి వెళ్లిపోతాయి.

పచ్చ పెన్సిల్ మొత్తం చదివాడు. చివరి రెండు వాక్యాల కింద రెండేసి గీతలు గీశాడు.

స్టోర్సు శాస్త్రం ప్రకారం లోకంలోని వస్తువులు రెండు రకాలు: వాడితే అయిపోయేవి, వాడి తిరిగి ఇవ్వవలసినవి. దూది మొదటి రకం. నిచ్చెన రెండో రకం. డాక్టరు స్వయంగా 'స్థిరపడవు, బయటికి వెళ్లిపోతాయి' అని రాసి ఇచ్చారు కనుక, సదరు సూక్ష్మజీవులు రెండో రకమేనని మర్నాడు ఉత్తర్వు వచ్చింది. గత మూడు నెలల్లో అరవై నలుగురు రోగులకు ఇచ్చినవన్నీ వెనక్కి తీసుకుంటే తప్ప చార్జి అప్పగించినట్టు కాదు. (కాపలా కణాలకు అబ్బిన అలవాటును శాశ్వత ఆస్తిగా పరిగణించి, వాటి మీద సంస్థ నంబరు వేసే విషయం విడిగా పరిశీలనలో ఉంది.)

"మింగినవి ఎలా వెనక్కి తీసుకుంటామండీ?" అంది మందులమ్మ.

"నిచ్చెనలు తీసుకోవడం లేదా?"

"నిచ్చెనను ఎవరూ మింగలేదు సార్."

"ఎలా వాడుకున్నారన్నది వాళ్లిష్టం. వస్తువు వెనక్కి రావడం మనకు ముఖ్యం," అన్నాడాయన, ఎంతో ఓపిగ్గా.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఎప్పుడొస్తున్నావే? వదిన అప్పుడే బట్టలు సర్దేసుకుంది."

"ఫ్రిజ్‌లో పురుగులు అడ్డంపడ్డాయక్కా."

"నాకిచ్చారు చూడు, ఆపరేషన్ మందులకు కడుపు చెడిపోతే, అవేనా? నావీ అడుగుతారేంటి?"

"నువ్వు మా సంస్థ కాదులే."

అక్క నవ్వింది. నవ్వి, నిన్న స్నానాలగదిలో కాలు జారబోయి గోడ పట్టుకున్నానని చెప్పింది. ఏం కాలేదంది. ఫోన్ పెట్టేశాక మందులమ్మ స్టోరు గదిలో దూది బస్తా మీద కూలబడి, ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చింది. ఆ పైన మొహం కడుక్కుని నిబంధనల పుస్తకం ముందేసుకుంది. ముప్పై ఒక్క ఏళ్లలో దాన్ని ఆవిడ మొదటి పేజీ నుంచి చదవడం ఇదే మొదలు.

నలభై మూడో పేజీలో దొరికింది. తిరిగి వచ్చిన ప్రతి వస్తువునూ తనిఖీ అధికారి స్వయంగా, తన గదిలో, తన సమక్షంలో విప్పించి, సంఖ్యా స్థితీ సరిచూసుకోవాలి. ఈ పని ఇంకెవరికీ అప్పగించరాదు.

ఆవిడ సర్క్యులర్ తయారుచేసింది. అరవై నలుగురూ తమకిచ్చిన సూక్ష్మజీవులను, అవి బయటికి వచ్చిన రూపంలోనే, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి, పేరూ తేదీ రాసి, సోమవారం పదిన్నరకు తనిఖీ అధికారి గదిలో స్వయంగా అప్పగించగలరు. ఒక ప్రతి పచ్చ పెన్సిల్ ఆమోదానికి వెళ్లింది. ఆయన టిక్కు పెట్టి పంపాడు. (రోజుకు మూడు వందల టిక్కులు పెట్టే మనిషి చదువుతూ కూర్చుంటే పనులు జరగవు.)

సోమవారం పదిన్నరకు గది ముందు వరస మొదలైంది. అందరికంటే ముందు వాల్వు తిప్పే ఉద్యోగి, చంకలో డబ్బాతో. అతని వెనక మీటర్ రీడరు భార్య, ఒక చేతిలో తనదీ, ఇంకో చేతిలో ఆయనదీ. మూడోది డ్రైవరు అత్తగారు, చక్కగా గుడ్డ కప్పి మరీ తెచ్చింది. మందులమ్మ రిజిస్టరు తెరిచి కలం పట్టుకుని బల్ల పక్కన నిలబడింది.

"సార్, మూత నన్ను తియ్యమంటారా, మీరు తీస్తారా?" అన్నాడు వాల్వు ఉద్యోగి.

"ఇవేంటి?" అన్నాడు పచ్చ పెన్సిల్.

"మీరు అడిగినవే సార్."

"స్వయంగా సరిచూసుకోవాలండి," అంది మందులమ్మ. "నలభై మూడో పేజీ. ఒక్కో మనిషికి పది క్యాప్సూల్స్, అంటే అయిదు వేల కోట్లు ఉండాలి."

డ్రైవరు అత్తగారు ముందుకొచ్చింది. "బాబూ, బుధవారం నాకు కుదరలేదు. ఆ ఒక్క రోజుదీ ఇందులో లేదు. దానికేమన్నా జరిమానా కట్టాలా?"

పచ్చ పెన్సిల్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. వాల్వు ఉద్యోగి చెయ్యి మూత మీద పడింది. ఎవరో ఫ్యాను ఆపారు. సంస్థ చరిత్రలో ఒక ఉత్తర్వును సవరించడానికి పట్టిన అతి తక్కువ సమయం అంతకు ముందు పద్నాలుగు నెలలు. ఆ రోజు పదకొండు నిమిషాలు పట్టింది. సూక్ష్మజీవులు వాడితే అయిపోయే రకమని తేలింది. చూద్దాంగారు గుమ్మం బయటి నుంచే ముక్కు మూసుకుని, రెండో చేత్తో సంతకం పెట్టేశాడు. చూద్దాం అనలేదు.

నెలాఖరు రోజు నాలుగింటికి రిలీవింగ్ ఆర్డరు చేతికొచ్చింది. మందులమ్మకు కాళ్లు నేల మీద ఆనలేదు. అక్కకు ఫోన్ చేసి, రేపు పొద్దున్న తలుపు తీయడానికి లేవొద్దనీ, వదిన వెళ్తూ తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్లాలనీ చెప్పింది. ఆ తర్వాతే కాగితం పూర్తిగా చదివింది.

సేవల గురించి నాలుగు మాటలు రాయాల్సిన చోట, నమూనా దొరక్క, ఫైలులో పైనే ఉన్న డాక్టరు నోట్ చూసి ఎత్తి రాసినట్టున్నారు. 'సంస్థలో ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నారు. సాధారణంగా హాని చేయలేదు. లాభం మనిషిని బట్టి మారవచ్చు.' ఆవిడకు నవ్వొచ్చింది. మందులు తీసుకున్న వేల మంది మొహాలు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

కాగితం పట్టుకుని పచ్చ పెన్సిల్ గదికి వెళ్లి, "ఇంతేనా సార్?" అంది.

"కింద ఇంకో గడి ఉంది, చూసుకోండి," అన్నాడాయన తలెత్తకుండా.

కింద 'రకం' అన్న గడిలో పచ్చ పెన్సిల్‌తో రాసి, టిక్కు పెట్టి ఉంది: వాడితే అయిపోయేది. తిరిగి రానక్కర్లేదు.