టారో పేకకు పసుపు

ఢిల్లీలో దిగిన ప్రతి తెలుగు కుటుంబానికీ గ్యాస్ కనెక్షన్ కన్నా ముందు ఒక టారో పేక ఇప్పించాలని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి! గ్యాస్ లేకపోతే కిరసనాయిలు స్టవ్వు మీదైనా అన్నం ఉడుకుతుంది. టారో లేకపోతే ఇంట్లో ఒక్క నిర్ణయమైనా జరుగుతుందా?

తెలియనివారి కోసం చెబుతున్నాను. టారో అంటే బొమ్మల పేక. రమ్మీకి పనికిరాదు. మనసులో ఒక ప్రశ్న పెట్టుకుని ముక్క తీస్తే, అందులోని బొమ్మ జవాబు చెబుతుంది. జవాబు నచ్చితే ఆ ముక్క ముందు కొవ్వొత్తి వెలిగించి, కోరిక పైకి చెప్పుకుని, ముక్కను తలగడ కింద పెట్టుకుని పడుకోవాలి. కోరిక తీరుతుంది. నచ్చకపోతే? ఇంకో ముక్క తీయడమే! ఇంత మర్యాద తెలిసిన శాస్త్రాన్ని నేను వేరే చూడలేదు. మన పంచాంగంలో రాహుకాలం అని ఉంటే, మూసి మళ్ళీ తెరిచినా రాహుకాలమే ఉంటుంది.

ఈ పేకను కటవారియా సరాయ్‌లోని మా ఇంటికి తెచ్చింది మా అమ్మాయి ఇషిత. కాలేజీలో ఎవరో స్నేహితురాలి దగ్గర నేర్చుకుని, ఖాన్ మార్కెట్‌కు వెళ్ళి మరీ కొనుక్కొచ్చింది. ఇషిత ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మేము తెలుగులో అడుగుతాం, తను హిందీలో చెబుతుంది. పక్కనే జియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్న నా మేనల్లుడు కిరీటిని 'కిరీటి భయ్యా' అని పిలుస్తుంది. "బావను పట్టుకుని భయ్యా ఏమిటే, నీ మొహం!" అని మా ఆవిడ సీతారత్నం నెత్తి కొట్టుకుంటుంది. కానీ టారో దగ్గర మాత్రం తల్లీకూతుళ్ళది ఒకటే మాట.

ఈ పేక వల్ల మాకు ఒరిగిన మేళ్ళు అన్నీ ఇన్నీ కావు. మే నెల సాయంత్రం కరెంటు పోతే ఇదివరకు కరెంటువాళ్ళను తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు? ఎలాగూ కొవ్వొత్తి వెలిగించాం కదా, ఒక కోరిక కోరుకుంటున్నాం! కూలర్ ఆగిపోయి చెమటలు కారిపోతుంటే ఇంటిల్లిపాదీ కళ్ళు మూసుకుని చల్లగాలిని ధ్యానిస్తున్నాం. ఒక్కోసారి కరెంటు వచ్చేస్తుంది కూడా. దాన్ని మహిమ అనక ఏమంటారు?

కొన్ని కోరికలను బిర్యానీ ఆకు మీద రాసి కాల్చాలట. మా మసాలా డబ్బాలో ఆకు నిలవడం లేదు. పోయినవారం రాసిన ఆకు ఒకటి పొరపాటున పులావులో పడి నా కంచంలోకి వచ్చింది. సగం నమిలాక చూస్తే దాని మీద ప్రమోషన్ అని ఉంది. మిగతా సగం కూడా మింగేశాను. ఎక్కడికి పోతుంది, లోపలే ఉంటుంది!

ఇక ఆఫీసు సంగతి. మూడు ముక్కలు వరసగా పేర్చి గతం, వర్తమానం, భవిష్యత్తు చెప్పే పద్ధతి ఒకటుంది. దీన్ని మా దగ్గరే నేర్చుకుని ఉంటారని నా అనుమానం. మా సెక్షన్‌లో ఏ ఫైలుకైనా గతం 'పాత కాగితాలు జతచేయండి', వర్తమానం 'పరిశీలనలో ఉంది', భవిష్యత్తు 'వచ్చే ఆర్థిక సంవత్సరం'. నేను చెప్పగా విని, పక్క సెక్షన్ లక్ష్మీపతిగారు బదిలీ ఆగిపోవాలని టేబుల్ అద్దం కింద రథం బొమ్మ ముక్క పెట్టుకున్నారు. ఆయన ఇప్పుడు గౌహతిలో ఉన్నారు. ముక్కను తప్పుపట్టి లాభమేమిటి? రథాన్ని పెట్టుకుని కదలనంటే ఎలా కుదురుతుంది!

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా పసుపు రాయందే మనం వాడం. చీర అంచుకు రాస్తాం, స్కూటర్‌కు రాస్తాం. పేక ఏం పాపం చేసింది? వచ్చినరోజే సీతారత్నం దాన్ని దేవుడి గూట్లో పెట్టి, ముక్కల అంచులకు పసుపు రాసింది. "మమ్మీ! కార్డ్స్ ఖరాబ్ హో జాయేంగే!" అంటూ ముక్కలు పాడైపోతాయని ఇషిత గోల పెట్టినా ఆగలేదు.

అయితే అస్థిపంజరానికీ, కొమ్ముల దయ్యానికీ, పిడుగు పడి కూలుతున్న బురుజుకూ పసుపెలా రాస్తుంది? మంచి బొమ్మలకే రాసింది. సింహాసనం మీద కూర్చున్న చక్రవర్తి కలెక్టరులా ఉన్నాడని ఆ ముక్క వెనకవైపు కుంకుమబొట్టు కూడా పెట్టింది. ఒంటికాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడే మనిషిని చూసి, "పాపం, తపస్సు చేసుకుంటున్నాడు" అని అతనికీ రాసింది. భుజాన మూట తగిలించుకుని, ఆకాశంలోకి చూస్తూ కొండ అంచున నడిచిపోయే కుర్రాడొకడున్నాడు. ఆ ముక్క పేరు ఫూల్. "కింద చూసుకోవద్దూ, బుద్ధుందా వీడికి!" అని వాడిని మాత్రం వదిలేసింది.

ఫలితం మీరు ఊహించే ఉంటారు. బోర్లించి పరిచినా పసుపుపచ్చ అంచువి మంచివి, తెల్ల అంచువి చెడ్డవి! ఆనాటి నుంచి మా ఇంట్లో ఒక్క అపశకునం లేదు. చూసి తీస్తున్నామని ఎవరమూ అనలేదు. చూడకుండా ఎవరమూ తీయలేదు.

ఇప్పుడు కిరీటి. వాడు బీయస్సీలో లెక్కలు చదివాడు. సివిల్స్‌కు చరిత్ర తీసుకోమన్నది వాళ్ళ నాన్న, మా లక్ష్మీనారాయణ బావగారు, తెనాలి నుంచి. రెండోది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అన్నది నేను. వాడిని అడగాల్సిన అవసరం మాకెవరికీ కనపడలేదు. పోయిన ఏడాది వాడొచ్చి, "నావల్ల కావట్లేదు మామయ్యా" అన్నాడు. వెంటనే పేక తెరిచాం. తలకిందుల తపస్వి వచ్చాడు. "ఇంత తపస్సు చేస్తే ర్యాంకు రాకుండా ఎక్కడికి పోతుందిరా!" అని మా ఆవిడ వాడికి పెరుగన్నం పెట్టి పంపించింది. ర్యాంకు రాలేదు. మేము మాత్రం తపస్సు చాలలేదని సరిపెట్టుకున్నాం.

ఇంకొక్క అటెంప్టు మిగిలింది. ఇంతలో నోయిడాలో ఒక స్కూలువాళ్ళు వాడికి లెక్కల మాస్టారి ఉద్యోగం ఇస్తామన్నారు. సోమవారం లోపల ఏ సంగతో చెప్పాలి. "పిల్లలకు లెక్కలు చెబుతుంటే నాకు బతికున్నట్టుంటుంది మామయ్యా. చేరిపోతాను" అన్నాడు. ఇంత పెద్ద మాట వాడొక్కడే ఎలా తేల్చుకుంటాడు? ఎస్టీడీ బూత్ నుంచి తెనాలికి ఫోను చేశాం.

"బడిపంతులా? కలెక్టరవుతాడని ఊరంతా చెప్పుకున్నాం గదయ్యా!" అన్నారు బావగారు. కాసేపు ఆయాసపడి, చివరికి, "మీ అమ్మాయి ముక్కలు తీస్తదంటగా. అందులో ఏమొస్తే అదే. నా మాట వద్దు, నీ మాట వద్దు" అన్నారు. వాడి మాట సంగతి ఆయనకు గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

ఆదివారం పొద్దున పూజయ్యాక చాప వేశాం. కొవ్వొత్తి, అగరొత్తులు, కొబ్బరికాయ, అన్నీ సిద్ధం. ఇషిత ముక్కలు బోర్లించి పరిచింది. కుంకుమబొట్టు ముక్కను మా ఆవిడ మోకాలితో మెల్లగా కిరీటి వైపు జరిపింది. శాస్త్రానికి ఆ మాత్రం సాయం తప్పు కాదు.

కిరీటి చెయ్యి చాచాడు. కుంకుమబొట్టు దాటిపోయాడు. పచ్చ అంచులన్నీ ఒక్కొక్కటిగా దాటాడు. ఓ మూలనున్న తెల్ల అంచు ముక్క మీద వేలు పెట్టి, మా మొహాలు ఒకసారి చూసి, తిప్పాడు. ఫూల్!

"అయ్యో, చూసి తియ్యొద్దూ!" అనేసి మా ఆవిడ నాలిక కరుచుకుంది.

నేను మాత్రం ఏమనగలను? వాడు కావాలని తీశాడంటే, ఇన్నాళ్ళూ మేము కావాలని తీసినట్టు ఒప్పుకోవాలి! ఇషిత ఒక్కతే వాడి వైపు చూసి, "గుడ్ కార్డ్ హై, భయ్యా" అంది.

"మూట సర్దుకున్నాడు అత్తయ్యా, వెళ్ళిపోతున్నాడు" అన్నాడు కిరీటి, బొమ్మను చూపిస్తూ. "వాడి మొహం చూడండి, ఎంత హాయిగా ఉన్నాడో." నాకు సిగ్గేసింది. కానీ ఇది టారో గురించి రాస్తున్న వ్యాసం కనుక ఆ సంగతి వదిలేస్తున్నాను.

తెనాలికి మళ్ళీ ఫోను చేశాం. "ముక్కే అట్టా వచ్చిందా? సరేలే, దైవనిర్ణయం. మనమేం జేస్తాం" అన్నారు బావగారు. సోమవారం కిరీటి నోయిడా బస్సెక్కాడు.

చూశారా టారో గొప్పదనం! వాడు నోటితో చెప్పాడు, మాకు వినపడలేదు. అన్నం మానేసి చెప్పాడు, అరగక మానేశాడనుకుని జీలకర్ర నీళ్ళు పట్టాం. చదువుకున్న కుర్రవాడు ఏళ్ళ తరబడి మొత్తుకున్నా కాని పని, ఒక అట్టముక్క నిమిషంలో చేసిపెట్టింది. పెళ్ళీడు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇది ఉండి తీరాలని అందుకే అంటున్నాను. పిల్లల మాట వినడం మన ఇళ్ళలో అలవాటు లేని పని. పేక మాట వినడానికి పరువుకేమీ లోటు రాదు కదా!

నిన్న సాయంత్రం ఇషిత వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, "పాపా, ఆప్‌సే ఏక్ బాత్ కెహనీ హై. కార్డ్స్ కే బినా" అంది. నాతో ఒక మాట చెప్పాలట, అదీ కార్డుల్లేకుండా, తన నోటితోనే! 

పిల్ల మొహం చూస్తే నాకు భయం వేసింది. "అలా కాదమ్మా, వెళ్ళి పేక పట్రా" అన్నాను.